ఒక్క ఓటుతో పోయిన పదవి
(ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారు)

ధ్యాన భాగము: దానియేలు 1, 6 అధ్యాయములు



రాజు బల్లమీది భోజనమును ద్రాక్షారసమును వద్దన్న యువకుడు దానియేలు. పెద్దవాడై అధికారము చేసినప్పుడు శత్రువులెంత వెదకినను ఆయన ఉద్యోగములో లోపము దొరకలేదు. ఈ అధ్యాయములు చదివినప్పుడెల్ల మాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారు జ్ఞాపకము వత్తురు. ఆయన క్రైస్తవులు కారు. అయినను శాసనసభకు వెళ్లిన మనుష్యుడు ఎట్లుండవలెనో మన గ్రామములవారు ఆయన వలన నేర్చుకొనవచ్చును.

1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెములో ఆయన జన్మించిరి. పదునొకండవ యేట తండ్రి పోయెను. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి పిల్లలను పోషించెను. ఆ కాలములో దానిని తక్కువ పనిగా చూచెడివారు. పరీక్షకు మూడు రూపాయలు లేక ఆ విధవరాలు పట్టుచీర తాకట్టు పెట్టెనని చెప్పుదురు. మిషను పాఠశాల ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఆ పిల్లవానిని చేరదీసి, తాము రాజమహేంద్రవరమునకు వచ్చునప్పుడు వెంట తీసికొని వచ్చి చదివించిరి.

ఆ విధముగా ఆయన మన గోదావరివారైరి. ఇక్కడనే వకీలు పని చేసిరి. ముప్పది దాటిన వయసులోనే పురపాలక సంఘాధ్యక్షులైరి. పిమ్మట బారిష్టరు చదువుటకు ఇంగ్లండు వెళ్లుచు, మాంసము ముట్టననియు పొగ త్రాగననియు తల్లికి మాట యిచ్చిరి. 1907లో తిరిగివచ్చి మద్రాసులో విస్తారముగా సంపాదించిరి. 1921లో ఆ వృత్తిని వదలి, సంపాదించినదంతయు స్వరాజ్య పత్రికలో పోసిరి. పత్రిక నిలువలేదు, ధనమును మిగులలేదు. 1928లో సైమను కమీషను వచ్చినప్పుడు మద్రాసులో పోలీసు తుపాకుల యెదుట రొమ్ము చూపిన సంగతి మన పిల్లలకును తెలియును.

1937లో రెవెన్యూ మంత్రియై, జమీందారీ గ్రామములను విచారించిన సంఘమునకు అధ్యక్షత వహించిరి. నేల దున్నువానిదేయని ఆ సంఘము నివేదించెను. 1946లో మద్రాసు ప్రధానమంత్రియైరి. పదునొకండు నెలలు నిండకుండగనే స్వపక్షమువారే దించివేసిరి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడగా, ఎనుబదియొక యేండ్ల వయసులో మొదటి ముఖ్యమంత్రియైరి. అప్పటికి మద్యనిషేధము అమలులో నున్నది. అది ఫలించలేదు గనుక తీసివేయవలెనని రామమూర్తిగారి సంఘము సిఫారసు చేసెను. ప్రభుత్వము ఒప్పుకొనలేదు. పని పోయిన గీత కార్మికులు ఆందోళనకు దిగిరి. వారి ఆకలి అబద్ధము కాదు. మన సంఘములలో తాడిచెట్టెక్కి బ్రతికినవారి బిడ్డలున్నారు, త్రాగుబోతు భర్త చేతిలో దెబ్బలు తిన్న తల్లులును ఉన్నారు. ఇద్దరి మొరయు దేవుడు వినును. చెట్టు దింపిన వానికి వేరొక బ్రతుకు చూపకపోవుట ప్రభుత్వముల లోపమేయని మా తలంపు. నిషేధము మాత్రము మంచిదే. (1995లో మరల వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో పోయెను. ఈ కథ మనకు క్రొత్త కాదు.)

1954 నవంబరులో ఈ విషయముపైననే అవిశ్వాస తీర్మానము వచ్చెను. ప్రభుత్వము ఒక్క ఓటు తేడాతో ఓడెను. నాడు ఒక్క సభ్యుడు ఇటు తిరిగినను పదవి నిలిచెడిది. సభ్యులను తిప్పుకొను విద్య ఎరిగినవారు ఆ కాలమునందును లేకపోలేదు. పంతులుగారు ఓటమిని అంగీకరించి దిగిపోయిరి. ఇంటికి తీసికొనిపోవుటకు ఆయనకు కూడబెట్టిన సొమ్ము లేదు. మన డెల్టాలో ఓటుకు నోటు పుచ్చుకొను సోదరులు ఈ సంగతి తమ యిండ్లలో చదివి వినిపించవలెనని కోరుచున్నాము.

పదవి పోయిన తరువాతను ఆయన ఇంట కూర్చుండలేదు. 1957లో, ఎనుబదినాలుగేండ్ల వయసులో, నడివేసవి యెండలో ఒంగోలు దగ్గర ఒక హరిజనవాడకు వెళ్లిరి. అక్కడ వడదెబ్బ తగిలెను. హైదరాబాదు ఆసుపత్రికి చేర్చిరి గాని కోలుకొనలేదు. మే 20న ప్రాణము విడిచిరి.