బిల్లసర్గం గవుల్లో ఫూట్ దొర

మా హాస్టల్లో ఒక మిత్రుడు ట్రంకుపెట్టె నిండా దయ్యాల బొమ్మలు దాచుకున్నాడు. డ్రాకులా, మమ్మీ, ఫ్రాంకెన్‌స్టైన్ భూతం అన్నీ అరచేతిలో పట్టే ప్లాస్టిక్ బొమ్మలే. కొత్తగా చేసినవైనా పాతకాలపు అచ్చులో ఉంటాయి, అదే వాటి అందమట. పెద్దవాడివయ్యావు, ఇంకా బొమ్మలేమిటి అని అందరం వాణ్ణి ఏడిపిస్తాం. ఏడిపించే ముందు ఫూట్ దొర సంగతి కాస్త తెలుసుకుంటే బాగుండేది. ఆయన సేకరించినవి అచ్చుపోసిన భూతాలు కావు, మన గవుల్లో మట్టికింద పడివున్న అసలు మృగాలు!

రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1834లో ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో పుట్టాడు. 1858లో భారత భూగర్భ పరిశోధనశాఖలో చేరి మద్రాసు చేరుకున్నాడు. ఆయన పిల్లనిచ్చిన మామ పీటర్ పెర్సివల్ 1862లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేసిన పండితుడు. మామగారు మాటలు ఏరితే అల్లుడుగారు రాళ్ళు ఏరాడన్నమాట. 1863 మే 30న మద్రాసు పక్కన పల్లావరంలో, కంకర తీసిన గుంటలో, ఆయనకు ఒక రాతి గొడ్డలి దొరికింది. ఈ దేశంలో పాతరాతియుగపు మనిషి ఉన్నాడనడానికి అదే మొదటి సాక్ష్యం. అప్పటికి డార్విన్ గ్రంథం వచ్చి నాలుగేళ్ళే. చేసే ఉద్యోగం ఖనిజాల కోసం, పిచ్చి మాత్రం పనిముట్ల మీద! అలా జీవితమంతా దక్షిణాపథం తిరిగి వందల చోట్ల నుంచి పోగుచేశాడు.

ఇక మన సంగతి. బేతంచెర్ల అంటే మనకు ఇళ్ళల్లో పరిచే బండలే గుర్తొస్తాయి. ఆ సున్నపురాతిని నీళ్ళు వేలయేళ్ళుగా తొలిచి బిల్లసర్గం గవులను చేశాయి. ఇప్పుడవి నంద్యాల జిల్లా కిందికి వచ్చాయి. అక్కడ ఎముకలున్నాయని న్యూబోల్డ్ అనే సైనికాధికారి 1844లోనే రాశాడు. ఆ తర్వాత నలభయ్యేళ్ళు పట్టించుకున్న నాథుడు లేడు. ఇంగ్లండులో హక్స్‌లీ మహాశయుడు మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు చెప్పగా, 1883లో ఫూట్‌ను పంపారు. తవ్వకం పని చాలామటుకు సాగించినవాడు ఆయన కొడుకు హెన్రీ, ఫిరంగిదళంలో లెఫ్టినెంటు. తండ్రీకొడుకులు గవులకు పెట్టిన పేర్లు చూడండి: ఒకటి చార్నెల్ హౌస్, అంటే పీనుగుల ఎముకలు పోసే కొట్టు. ఇంకొకటి పర్గేటరీ, అంటే చచ్చినవాళ్ళ ఆత్మలు పాపం కడుక్కునే చోటు. దయ్యాల సినిమా తీసేవాడు కూడా ఇంతకంటే మంచి పేర్లు పెట్టలేడు.

దొరికిన ఎముకలను లిడెక్కర్ అనే శాస్త్రజ్ఞుడు పరిశీలించి 1886లో వివరాలు ప్రకటించాడు. వాటిలో ఒక ఖడ్గమృగం ఉంది. గొర్రెలు మేపడానికే గడ్డి చాలని ఈ నేలమీద ఖడ్గమృగం! నేడు ఆఫ్రికాలో తప్ప ఎక్కడా కనబడని చుక్కల దుమ్ములగొండి కూడా ఉంది. మనిషి చెక్కిన ఎముక పనిముట్లు కూడా ఉన్నాయన్నాడు ఫూట్. ఆ మాటను చాలాకాలం పండితులు అనుమానంగానే చూశారు. చివరికి 1970ల్లో ఎం.ఎల్.కె. మూర్తిగారు బేతంచెర్ల దగ్గరే ముచ్చట్ల చింతమాను గవి తవ్వి ఎముక పనిముట్లు బయటికి తీశారు. అప్పటికి ఫూట్ పోయి అరవయ్యేళ్ళు.

ఆయనలో నాకు నచ్చింది ఇది: దొరికిన రాయి ఏ ఊళ్ళో, ఏ వాగు పక్కన దొరికిందో రాసిపెట్టడం. ఆ చీటీ లేకపోతే గొడ్డలికీ గులకరాయికీ తేడా ఏముంది? 1891లో పదవీ విరమణ చేశాక బరోడా, మైసూరు సంస్థానాల్లో పనిచేసి ఏర్కాడు కొండమీద స్థిరపడ్డాడు. తన సేకరణను 1904లో మద్రాసు మ్యూజియానికి అమ్మాడు. అమ్మేసి ఊరుకోక ముసలితనంలో దాని పట్టిక రాస్తూ కూర్చున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో కన్నుమూశాడు. పట్టిక అచ్చయింది ఆ తర్వాతే, 1914లో ఒక భాగం, 1916లో ఒక భాగం.

ఆ రాళ్ళు చూడాలంటే ఇప్పటికీ ఎగ్మూరు వెళ్ళాలి. బిల్లసర్గం మాత్రం మనకు పక్కనే ఉంది. లిడెక్కర్ ఆ ఖడ్గమృగానికి మన ఊరి పేరే కలిపి రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని పెట్టాడు. ఈ మాట చెప్పగానే మా మిత్రుడు దాని బొమ్మ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.