కుర్చీలో కూర్చుండి శస్త్రచికిత్స చేసిన డాక్టరమ్మ



పక్షవాయువుగల యొకనిని నలుగురు మోసికొనివచ్చి, త్రోవ దొరకక ఇంటికప్పు విప్పి దింపిన సంగతి మార్కు సువార్త 2వ అధ్యాయములో నున్నది. అతడు స్వస్థుడై తన పరుపెత్తికొని ఇంటికి పోయెను. మరి నడువలేనివాడు అట్లే మిగిలిపోయినయెడల అతని గతి యేమి? ఈ ప్రశ్న మనము అంతగా అడుగము. వెల్లూరులో ఒక స్త్రీ తన బ్రదుకంతయు దీనికే జవాబు వెదకెను.

డాక్టరు మేరీ వర్గీస్ 1925లో కొచ్చిన్‌లో జన్మించి, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివెను. 1954 జనవరిలో ఆమె పయనించుచున్న మోటారుబండి ప్రమాదమునకు గురియయ్యెను. ముఖమునకు పెద్ద గాయమయ్యెను. వెన్నెముక దెబ్బతిని కాళ్లు చచ్చుబడెను. అప్పటికామెకు ముప్పది యేండ్లు నిండలేదు. మంచముపై పడియున్న ఆమెను, చేతులింకను మిగిలియున్నవని ధైర్యపరచినవాడు డాక్టరు పాల్ బ్రాండ్. కుష్ఠువ్యాధిచే వ్రేళ్లు ముడుచుకొనిపోయినవారి చేతులను ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండియే శస్త్రచికిత్సతో సరిచేసెను. తమవలెనే దేహము చెడిన డాక్టరు తమ చేయి పట్టుకొనగా ఆ రోగులకు ఎట్లుండెనో ఊహించుడి!

తరువాత ఆస్ట్రేలియాలోని పెర్త్‌లోను, న్యూయార్కులో డాక్టరు హోవార్డ్ రస్క్ సంస్థలోను ఆమె శిక్షణ పొందెను. తిరిగివచ్చి వెల్లూరులో పునరావాస వైద్యశాఖను నడిపెను. 1966లో అందుకై ప్రత్యేకముగా ఒక సంస్థ తెరువబడెను.

అక్కడ నేర్పునవి చిన్న సంగతులే. మంచమునుండి కుర్చీలోనికి తానే జరుగుట, తానే స్నానము చేయుట, తన బలముతో చక్రములు త్రిప్పుట. మన పల్లెలలో నడుము పడిపోయినవానిని ప్రేమతోనే మూలగదిలో పండబెట్టుదుము, అన్నము నోటికి అందించుదుము. అట్లే కదలక పడియుండగా వీపున పుండ్లుపడి, అవి కుళ్లి, ప్రాణము పోవును. రెండుగంటలకొకసారి ప్రక్కకు ఒత్తిగిలజేయవలెనని ఇంటివారికి చెప్పువారుండరు. గుడికి కొనిపోదమన్నను మెట్లు అడ్డము. మన సంఘములు కట్టించిన మెట్లే!

దయ చూపుట ఒకటి, పని చేయనిచ్చుట వేరొకటి. రోగులకు స్వయంపోషణ నేర్పిన ఆ డాక్టరమ్మ తానును కుర్చీ దిగలేనిదే. కాబట్టి తమవలన కాదని వారు ఆమె యెదుట అనుట కష్టమే.

1972లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ నిచ్చెను. 1986లో ఆమె మరణించెను. ఆ సంస్థ నేడు ఆమె పేరుననే యున్నది. చిత్తూరు జిల్లా పొలిమేర దాటినచో వెల్లూరు మనకు దూరము కాదు.