డాక్టర్ హోమీ భాభా: మంచుకొండపై ముగిసిన జీవితం, ముగియని అనుమానం

డాక్టర్ హోమీ జహంగీర్ భాభా పేరు వినగానే ఇటీవలి కాలంలో చాలామందికి ముందుగా స్ఫురించే ప్రశ్న ఆయన ఏమి సాధించారన్నది కాదు, ఆయనను ఎవరు చంపారన్నది. అణు రియాక్టరు ఎలా పనిచేస్తుందో తెలియనివారు సైతం ఆయన ప్రయాణించిన విమానాన్ని విదేశీ గూఢచారులే కూల్చివేశారని నిస్సంకోచంగా చెబుతారు. 1966 జనవరి 24న ఆల్ప్స్ పర్వతాలలో భాభాతోపాటు మరో 116 మంది ప్రాణాలు కోల్పోయిన ఆ దుర్ఘటనపై విచారణ జరిగింది, నివేదిక వెలువడింది. అయినా అనుమానం సమసిపోలేదు. ఆ అనుమానానికి చూపే ఆధారాలు బలహీనమైనవే గానీ, అది పుట్టిన పరిస్థితులు మాత్రం కల్పితాలు కావు. అవి బోధపడాలంటే ఆనాటికి దేశం ఈ ఒక్క వ్యక్తిపై ఎంతగా ఆధారపడి ఉందో తెలియాలి.

భాభా 1909 అక్టోబరు 30న బొంబాయిలో ఒక సంపన్న పార్సీ కుటుంబంలో జన్మించారు. తండ్రి జహంగీర్ న్యాయవాది. మేనత్త మెహర్‌బాయి, జంషెడ్జీ టాటా పెద్ద కుమారుడు దొరాబ్జీ టాటాకు భార్య. ఈ బంధుత్వం వల్లనే కుమారుడు ఇంగ్లండులో ఇంజనీరింగు చదివి, తిరిగివచ్చి జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో చేరాలని పెద్దలు ఆశించారు. 1927లో కేంబ్రిడ్జికి వెళ్లిన యువకుని మనసు మాత్రం భౌతికశాస్త్రం వైపు మళ్లింది. ఇంజనీరింగులో ప్రథమ శ్రేణి సాధిస్తే గణితం చదవడానికి మరికొంత కాలం అక్కడే ఉండనిస్తానని తండ్రి షరతు పెట్టారు. 1930లో భాభా ఆ మాట నిలబెట్టుకున్నారు, తండ్రీ నిలబెట్టుకున్నారు.

ఆ తరువాతి కొన్నేళ్లలో ఆయన ఐరోపాలోని ఉద్దండులందరి చెంతా పనిచేశారు. జ్యూరిచ్‌లో పౌలీ, రోములో ఫెర్మీ, కోపెన్‌హాగన్‌లో నీల్స్ బోర్. ఎలక్ట్రాను, పాజిట్రాను ఒకదానినొకటి ఎదుర్కొన్నప్పుడు అవి చెదిరిపోయే తీరును ఆయన లెక్కగట్టారు. దానిని నేటికీ భాభా పరిక్షేపణం అనే వ్యవహరిస్తారు. ఆకాశం నుంచి వచ్చే విశ్వకిరణాలు వాయుమండలాన్ని తాకి జల్లుగా ఎలా విస్తరిస్తాయో 1937లో హైట్లర్‌తో కలిసి వివరించారు. అప్పటికి ఆయన వయస్సు 28 సంవత్సరాలైనా నిండలేదు.

1939లో సెలవులకు స్వదేశం వచ్చిన సమయంలో రెండవ ప్రపంచయుద్ధం మొదలైంది. తిరుగు ప్రయాణం ఆగిపోయింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సర్ సి.వి.రామన్ అధ్యక్షతన నడుస్తున్న భౌతికశాస్త్ర శాఖలో భాభా చేరారు. యుద్ధమే రాకుంటే ఆయన ఇంగ్లండులోనే స్థిరపడేవారేమో. బెంగళూరులో గడిపిన ఆ కొద్ది సంవత్సరాలే పరిశోధకుడిని సంస్థల నిర్మాతగా మార్చాయి. 1944 మార్చిలో, అంటే హిరోషిమాపై బాంబు పడటానికి 17 నెలల ముందే, దొరాబ్జీ టాటా ట్రస్టుకు ఆయన ఒక లేఖ రాశారు. మరో రెండు దశాబ్దాలకు అణుశక్తితో విద్యుత్తు తయారుచేసే రోజు వస్తుందనీ, ఆనాడు నిపుణుల కోసం భారతదేశం విదేశాల వైపు చూడకూడదనీ అందులోని సారాంశం. ఆ లేఖ ఫలితమే టాటా మౌలిక పరిశోధన సంస్థ. 1945లో బెంగళూరులో ఆరంభమై, అదే ఏడాది బొంబాయి చేరి, భాభా జన్మించిన ఇంటిలోనే కొలువుతీరింది.

సరిహద్దు జిల్లాల పాఠకులకు ఇక్కడ ఒక విశేషం చెప్పుకోదగినది. తెలుగు, తమిళ, కన్నడ కార్మిక కుటుంబాలు తరతరాలుగా చెమటోడ్చిన కోలారు బంగారు గనులు భాభాకు ప్రయోగశాలగా కనిపించాయి. భూమి లోతుకు పోయేకొద్దీ విశ్వకిరణాలు ఎంతగా క్షీణిస్తాయో కొలవడానికి ఆయన ప్రోత్సాహంతో 1951లో బి.వి.శ్రీకంఠన్ ఆ గనులలోకి దిగారు. 1965లో సుమారు 2,300 మీటర్ల లోతున, వాయుమండలంలో పుట్టిన న్యూట్రినోల జాడను అక్కడ గుర్తించారు. అటువంటి తొలి ఆవిష్కరణలలో అది ఒకటి. బంగారం కోసం తవ్విన సొరంగం కంటికి కనబడని కణాన్ని పట్టి ఇచ్చింది. ఆ గనులు 2001లో మూతపడ్డాయి.

స్వాతంత్ర్యానంతరం 1948లో అణుశక్తి సంఘం ఏర్పడింది. దానికి భాభాయే అధ్యక్షులు. 1954లో ట్రాంబేలో అణుశక్తి కేంద్రం వెలసింది. అణుశక్తి శాఖ నేరుగా ప్రధానమంత్రి కిందకు వచ్చింది, దాని కార్యదర్శి కూడా భాభాయే. నెహ్రూకూ ఆయనకూ మధ్య ఇతర అధికారులెవరూ అడ్డు లేరు. 1956 ఆగస్టు 4న ఆసియాలో, నాటి సోవియట్ యూనియన్‌ను మినహాయిస్తే, మొట్టమొదటి రియాక్టరు అప్సర ట్రాంబేలో పనిచేయడం ఆరంభించింది. 1960లో సైరస్ సిద్ధమైంది. కేరళ, తమిళనాడు, ఆంధ్ర, ఒడిశా తీరాల ఇసుకలో మోనజైటు రూపంలో ఉన్న థోరియాన్ని చివరకు ఇంధనంగా మార్చుకునే మూడు దశల ప్రణాళిక కూడా ఆయనదే. దేశంలో యురేనియం తక్కువ, థోరియం ఎక్కువ. ఉన్నదానితో ఇల్లు చక్కబెట్టుకోవాలన్న ఆలోచన అది. ట్రాంబేలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని తీర్చిదిద్దే బాధ్యతను పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావుకు ఆయన అప్పగించారు. ఆ పునాదిపైనే 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. వెలసింది.

ఆయనను శాస్త్రవేత్తగా మాత్రమే ఎరిగినవారికి తెలియని పార్శ్వం మరొకటి ఉంది. ఆయన చిత్రకారుడు, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో అభిరుచి గలవాడు, అవివాహితుడు. టాటా సంస్థ గోడలను సమకాలీన భారతీయ చిత్రకారుల కృతులతో నింపారు. కట్టడాలకు అడ్డువచ్చిన చెట్లను నరికించక వేళ్లతో సహా పెకలించి మరోచోట నాటించేవారు.

1964 అక్టోబరు 16న చైనా అణుబాంబు పరీక్షించింది. రెండేళ్ల క్రితమే సరిహద్దులో ఓడిన దేశం కలవరపడింది. ఎనిమిది రోజులకు భాభా ఆకాశవాణిలో ప్రసంగిస్తూ అణు విస్ఫోటనానికి అయ్యే ఖర్చును లెక్కగట్టి చెప్పారు. 50 బాంబుల నిల్వకు 10 కోట్ల రూపాయల లోపే సరిపోతుందన్నది ఆ లెక్క. రియాక్టర్లకూ కర్మాగారాలకూ అయ్యే పెట్టుబడిని కలపని ఆ అంకె చాలా తక్కువ అని విమర్శ వచ్చింది, అది సహేతుకమైన విమర్శే. కానీ ఆ ప్రసంగం ప్రజల మనసుల్లో నాటుకుంది. శాంతిని ఆశించిన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి చివరకు శాంతియుత ప్రయోజనాల పేరిట భూగర్భ విస్ఫోటన అధ్యయనానికి అంగీకరించారు. అవసరమైతే 18 నెలలలో ఆ సాధనాన్ని తయారుచేయగలమని 1965లో భాభా అమెరికా అధికారులతోనే అన్నారు. కనుక ఆయన సామర్థ్యం రహస్యమేమీ కాదు, దాన్ని దాచిపెట్టాలని ఆయన కూడా అనుకోలేదు.

1966 జనవరి 11న శాస్త్రి తాష్కెంటులో ఆకస్మికంగా మరణించారు. 13 రోజుల తరువాత, ఇందిరాగాంధీ ప్రధానిగా ప్రమాణం చేసిన రోజునే, భాభా మరణించారు. రెండు వారాలలోపు ఇద్దరు పోయారు. అనుమానానికి ఇంతకు మించిన విత్తనం అవసరం లేదు.

భాభా ఆ ప్రయాణం తలపెట్టింది వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ శాస్త్రీయ సలహాసంఘ సమావేశం కోసం. ఎయిరిండియాకు చెందిన కాంచన్‌జంగ అనే బోయింగ్ 707 విమానం బొంబాయి నుంచి ఢిల్లీ, బీరుట్ మీదుగా జెనీవాకు, అక్కడినుంచి లండనుకు వెళ్లవలసి ఉంది. అందులో 106 మంది ప్రయాణికులు, 11 మంది సిబ్బంది. రేడియో సంకేతాల ఆధారంగా స్థానాన్ని తెలిపే రెండు గ్రాహకాలలో ఒకటి పనిచేయడం లేదని బీరుట్ నుంచి బయలుదేరేటప్పటికే పైలటుకు తెలుసు. జెనీవా సమీపిస్తుండగా ఆయన మాంట్ బ్లాంక్ శిఖరాన్ని దాటేశామని భావించి ఆ విధంగానే నియంత్రణ కేంద్రానికి తెలిపారు. రాడార్ వద్ద ఉన్న అధికారి పొరపాటును గమనించారు. శిఖరం ఇంకా ఐదు మైళ్ల దూరంలో ఉందని తెలియజేసే ఉద్దేశంతో ఒక సందేశం పంపారు. దాని పదజాలం స్పష్టంగా లేకపోవడంతో పైలటు దానిని మరోలా అర్థం చేసుకున్నారు. కొండ వెనుకబడిందనుకుని విమానాన్ని కిందికి దించుతూ పోయారు. స్థానిక కాలమానం ప్రకారం ఉదయం ఎనిమిది దాటిన కొద్ది నిమిషాలకు, సుమారు 4,750 మీటర్ల ఎత్తున, శిఖరానికి కొంచెం దిగువన విమానం కొండను ఢీకొంది. ఎవరూ బతకలేదు. 56 ఏళ్ల భాభా భౌతికకాయం లభించలేదు.

ఫ్రెంచి విచారణ సంఘం 1967 మార్చిలో నివేదిక ఇచ్చింది. పైన చెప్పిన క్రమాన్నే అత్యంత సంభావ్యమైన ఊహగా అది పేర్కొంది. నిపుణుల భాషలో అది నిజాయితీతో కూడిన మాట, తెలిసినంతవరకు మాత్రమే చెప్పడం. సామాన్య ప్రజలకు మాత్రం ఊహ అనే పదమే చాలింది. మంచు కప్పిన నిట్టనిలువు కొండపై శకలాలన్నిటినీ ఏరి పరీక్షించే వీలు లేకపోవడమూ తోడయింది.

తరువాత కథలు పెరిగాయి. ఒక సైనిక విమానం ఢీకొట్టిందన్నారు, క్షిపణి తాకిందన్నారు. అన్నిటికన్నా ఎక్కువగా ప్రచారమైనది సి.ఐ.ఏ. కథ. ఆ సంస్థ మాజీ అధికారి రాబర్ట్ క్రౌలీ, విమానం సరుకుల అరలో బాంబు పెట్టించామని తనతో ఫోనులో ఒప్పుకున్నట్లు ఒక అమెరికన్ రచయిత 2013లో పుస్తకం ప్రచురించారు. క్రౌలీ 2000లోనే మరణించారు. ఔననడానికీ కాదనడానికీ ఆయన లేరు. ఒక్క రచయిత మాట తప్ప మరో సాక్ష్యం లేని ఆ పుస్తకాన్ని పత్రికలు పదేపదే ఉటంకించడంతో అదే సాక్ష్యంగా చలామణీ అయింది.

బాంబు పెట్టినవాడు గ్రాహకం పాడవుతుందనీ, పైలటు సందేశాన్ని అపార్థం చేసుకుంటాడనీ ముందే తెలుసుకోలేడు. విమానం పొరపాటున దిగుతున్న ఎత్తులోనే, కొండ ఎదురైన చోటనే బాంబు కూడా పేలిందనుకోవడం నమ్మశక్యంగా లేదు. పైగా 1950 నవంబరు 3న మలబార్ ప్రిన్సెస్ అనే మరో ఎయిరిండియా విమానం దాదాపు అదే చోట కొండను ఢీకొని 48 మంది మరణించారు. అందులో అణు శాస్త్రవేత్త ఎవరూ లేరు, ఎవరూ కుట్ర అనలేదు.

అయితే ప్రజల అనుమానాన్ని అజ్ఞానమని కొట్టివేయడమూ తగదు. ఆ దశాబ్దాలలో అగ్రరాజ్యాల గూఢచార సంస్థలు పరదేశ నాయకులపై హత్యాయత్నాలు చేసినట్లు తరువాత ఆ దేశాల సొంత విచారణలలోనే తేలింది. భాభా మరణంతో విస్ఫోటన కార్యక్రమం కుంటుపడిన మాట కూడా వాస్తవమే. ఆయన స్థానంలో వచ్చిన విక్రం సారాభాయ్‌కి బాంబుపై మక్కువ లేదు, ఆ అధ్యయనాన్ని ఆపించారు. కానీ విద్య ఒక్కరి తలలో ఉండిపోలేదు. భాభా కూడగట్టిన రాజా రామన్న, హోమీ సేత్నా వంటివారే 1974 మే 18న పోఖ్రాన్‌లో భూగర్భ విస్ఫోటనం జరిపించారు. ట్రాంబే కేంద్రానికి 1967 జనవరిలోనే భాభా పేరు పెట్టారు.

మాంట్ బ్లాంక్ దిగువన బోసాన్ అనే హిమానీనదం ఉంది. పైన పడినది మంచులో కూరుకుని, దశాబ్దాల తరబడి మెల్లగా కిందికి జారి, చివరకు కరిగిన చోట బయటపడుతుంది. 2012లో భారత విదేశాంగ శాఖ ముద్ర ఉన్న సంచి ఒకటి దొరికింది. రహస్య పత్రాలని కొందరు ఆశపడ్డారు, లోపల ఉన్నవి వార్తాపత్రికలు, క్యాలెండర్లు. 2013లో ఒక పర్వతారోహకుడికి పచ్చలు, నీలాలు, కెంపులు ఉన్న పెట్టె దొరికితే దాన్ని పోలీసులకు అప్పగించాడు. 2020 వేసవిలో ఇందిరాగాంధీ ప్రధాని పదవికి ఎన్నికైన వార్తను ప్రచురించిన 1966 జనవరి నాటి భారతీయ పత్రికలు తడిసినా చదవడానికి వీలుగా వెలువడ్డాయి. ఆ రాళ్ల సొంతదారుల వారసులెవరో తేలకపోవడంతో 2021లో వాటిని రెండు భాగాలు చేసి, ఒకటి ఆ పర్వతారోహకుడికి, మరొకటి షామనీ పట్టణానికి పంచారు.