గూఢచారి తెచ్చిన ఐదు మొక్కలు

మనుష్యుడు ఒక కార్యాన్ని తలపెట్టి బయలుదేరుతాడు. ఆ కార్యాన్ని సాధించి కీర్తి కూడా గడిస్తాడు. కాని కాలం ఆ కార్యాన్ని మరచిపోయి, దారిలో అతడు ముచ్చటపడి చేసిన చిన్నపని ఒకదానిని మాత్రం పదిలంగా దాచుకొంటుంది. ఫ్రాన్సు దేశపు సైనిక ఇంజనీరు అమెదీ ఫ్రాంస్వా ఫ్రెజియే జీవితం ఇందుకు చక్కని నిదర్శనం. పరరాజ్య దుర్గముల గుట్టు తెలిసికొని రమ్మని అతనిని సముద్రాల మీదుగా పంపినారు. ఆ దుర్గముల సంగతి నేడు చరిత్ర పరిశోధకులకు మాత్రమే కావాలి. కాని మడిచెక్క అయినా లేని నగరవాసి బాల్కనీలో కుండీ పెట్టుకొని, ఎర్రని స్ట్రాబెర్రీ పండు కోసికొన్నప్పుడల్లా, తెలిసినా తెలియకున్నా, అతడు అనుభవిస్తున్నది ఫ్రెజియే శ్రమఫలమే.

ఫ్రెజియే 1682వ సంవత్సరంలో షాంబెరీ పట్టణంలో జన్మించినాడు. నేడు ఫ్రాన్సులో ఉన్న ఆ పట్టణం నాడు సవాయ్ ప్రభువుల ఏలుబడిలో ఉండేది. తండ్రి న్యాయశాస్త్రంలో పండితుడు. కుమారుడు కూడా ఆ త్రోవనే నడవాలని ఇంటివారి కోరిక. కాని అతని మనస్సు గణితం మీదికి, కట్టడముల నిర్మాణం మీదికి పోయింది. పారిస్ నగరంలో శాస్త్రములు చదివి, ఇటలీ దేశంలో వాస్తుకళను పరిశీలించి, చివరకు సైన్యంలో చేరినాడు. 1706లో బాణసంచా నిర్మాణం మీద ఒక గ్రంథం ప్రకటించి పండితుల మెప్పు పొందినాడు. మరుసటి సంవత్సరమే సైనిక ఇంజనీర్ల వర్గంలో అతనికి స్థానం లభించింది. ఫ్రెంచి భాషలో స్ట్రాబెర్రీ పండును ఫ్రేజ్ అంటారు. ఆ మొక్క పేరును పలికితే అచ్చంగా ఇతని ఇంటిపేరు పలికినట్లే వినిపిస్తుంది. పేరుకు, జీవితానికి ఇంతటి పొత్తు కుదరడం అరుదు.

ఆనాడు స్పెయిన్ సింహాసనం మీద ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ మనుమడు కూర్చున్నాడు. ఆ వారసత్వం కోసమే యూరపు అంతటా యుద్ధం సాగుతున్నది. దక్షిణ అమెరికాలోని చిలీ, పెరూ దేశములు స్పెయిన్ అధీనంలో ఉండేవి. అచటి రేవులు ఎట్టివి, కోటలు ఎంత బలమైనవి, ఫిరంగులు ఎన్ని, సైన్యం ఎంత అనే వివరములు ఫ్రాన్సుకు కావలసివచ్చినవి. స్పెయిన్ మిత్రరాజ్యమే అయినా, తన వలసల రహస్యములను ఎవరికిని చెప్పేది కాదు. ఈ పనికి ఫ్రెజియేను ఎన్నుకొన్నారు. 1712 జనవరిలో అతడు సెయింట్ మాలో రేవులో ఓడ ఎక్కినాడు. దక్షిణ అమెరికా కొనకొమ్ము అయిన హార్న్ అగ్రమును చుట్టి, ఐదు నెలలకు పైగా ప్రయాణించి, జూన్ నెలలో చిలీ దేశంలోని కన్సెప్సియోన్ చేరినాడు.

అచట అతడు వర్తకుని వేషంలో తిరిగినాడు. అధికారులతో స్నేహం చేసినాడు. కోటలను చూడబోయిన విదేశీ యాత్రికునివలె కనిపిస్తూ గోడల ఎత్తును, బురుజుల వాటమును మనస్సులోనే కొలుచుకొన్నాడు. వాల్పరైసో, శాంటియాగో, ఆరికా, కయావో, లీమా మున్నగు పట్టణములను చూచి పటములు గీసినాడు. అయితే అతని కన్ను ఫిరంగుల దగ్గరే ఆగిపోలేదు. ఆ దేశపు ప్రజలను, పంటలను, చెట్టుచేమలను కూడా అతడు శ్రద్ధగా గమనించి వ్రాసికొన్నాడు.

అట్లు గమనించినవానిలో కన్సెప్సియోన్ పరిసరములలో సాగయ్యే స్ట్రాబెర్రీ ఒకటి. యూరపు ప్రజలు నాటికి ఎరిగిన అడవి స్ట్రాబెర్రీ చాల చిన్నది. వ్రేలి కొనంత కూడా ఉండదు. వాసనలోను, రుచిలోను మేటి అయినా గుప్పెడు పండ్లకు ఎంతో వెదకవలసివచ్చేది. చిలీ పండు అక్రోటు కాయంత ఉండి, ఒక్కొక్కప్పుడు కోడిగ్రుడ్డు పరిమాణానికి కూడా పెరిగేది. తెలుపులో లేత ఎరుపు కలిసిన వర్ణం. ఆకులు దళసరివి, నూగు గలవి. ఇంత పెద్ద పండు అడవిలో దానంతట అదే పుట్టినది కాదు. చిలీ మూలవాసులైన మపూచే జాతివారు స్పెయిన్ వారి రాకకు ఎంతో పూర్వమే, తరతరాలుగా మంచి మొక్కలను ఎంచి, నాటి, పెంచి దానిని ఆ స్థితికి తెచ్చినారు. పేరు తెలియని ఆ కృషీవలుల నేర్పే ఈ కథకు మొదటి అధ్యాయం.

1714 ఫిబ్రవరిలో ఫ్రెజియే కన్సెప్సియోన్ విడిచి స్వదేశానికి బయలుదేరినాడు. పటములతోను, వ్రాతప్రతులతోను పాటు మట్టిలో నాటిన కొన్ని స్ట్రాబెర్రీ మొక్కలను కూడా వెంట తీసికొన్నాడు. ప్రయాణం ఆరు నెలలు. హార్న్ అగ్రపు చలిగాలులను దాటిన తరువాత భూమధ్యరేఖ ఎండలను దాటాలి. చుట్టూ నీరే అయినా మొక్కకు పనికివచ్చే నీరు చుక్కయినా లేదు. ఓడలో మంచినీరు కొలిచి ఇచ్చేవారు. మనిషి దాహానికే చాలీచాలని నీటిని మొక్కకు పోయడం తోటివారికి పిచ్చితనంగా తోచే పని. సరకుల అధికారి అయిన రూ ద వాల్బోన్ చేతిలో ఆ నీటి పంపకం ఉండేది. అతడు మొక్కలకు కూడా ఒక వాటా ఇవ్వడానికి సమ్మతించినాడు. ఆ దయ లేకున్న యెడల ఈ కథ నడిసముద్రంలోనే ముగిసేది.

ఆగస్టు నెలలో ఓడ మార్సెయి రేవు చేరేసరికి ఐదు మొక్కలు ప్రాణంతో మిగిలినవి. నీరు ఇచ్చి కాపాడిన అధికారికి ఫ్రెజియే కృతజ్ఞతతో రెండు మొక్కలు ఇచ్చినాడు. ఒకటి పారిస్ లోని రాజోద్యానంలో వృక్షశాస్త్రజ్ఞుడు ఆంత్వాన్ ద జుస్యూకు చేరింది. ఒకటి కోటల శాఖలోని తన పై అధికారికి కానుకగా పోయింది. ఒక్కటి మాత్రమే తనకు ఉంచుకొన్నాడు. రాజు అతని పటములను చూచి మెచ్చి బహుమానం ఇచ్చినాడు. 1716లో వెలువడిన అతని యాత్రాగ్రంథం ఇతర దేశములలో కూడా పేరు తెచ్చుకొన్నది. మరుసటి ఏట వచ్చిన ఆంగ్లానువాదానికి సుప్రసిద్ధ ఖగోళశాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ హేలీ అనుబంధం వ్రాసినాడు.

మొక్కలు మాత్రం అందరినీ నిరాశపరచినవి. అవి ఏపుగా పెరిగినవి. తీగలు సాచి పిల్లమొక్కలను పెట్టినవి. పూలు కూడా పూచినవి. కాని కాయ నిలువలేదు. నిలిచిన ఒకటి రెండు కాయలు కూడా వంకరటింకరగా ఉండేవి. తోటమాలులు నేలను నిందించినారు, చలిని నిందించినారు. కోడిగ్రుడ్డంత పండు కాస్తుందని చెప్పిన యాత్రికుని మాట నమ్మదగినదేనా అని సందేహించడానికి కూడా అవకాశం కలిగింది.

లోపం నేలలో లేదు, గాలిలో లేదు, యాత్రికుని మాటలో అసలే లేదు. చిలీ స్ట్రాబెర్రీలో సాధారణంగా ఆడమొక్కలు వేరు, మగమొక్కలు వేరు. పండు కాచేది ఆడమొక్క. మగమొక్క పుప్పొడిని మాత్రమే ఇస్తుంది. విరివిగా కాచిన మొక్కలనే మేలైనవిగా ఎంచి ఫ్రెజియే తెచ్చినాడని చరిత్రకారులు భావిస్తారు. అనగా అతడు తెచ్చినవి అన్నియు ఆడమొక్కలే. తీగల వల్ల పుట్టిన పిల్లమొక్కలు తల్లి రూపమే గనుక, యూరపు అంతటా ప్రాకిన ఆ సంతతిలో ఒక్క మగమొక్క అయినా లేదు. ఎంపికలో చూపిన వివేకమే ఇచట గొడ్డుతనానికి కారణమైనది.

ఈ మధ్యకాలంలో ఫ్రెజియే తన ఉద్యోగధర్మంలో మునిగి ఉన్నాడు. 1719లో కరిబియన్ దీవులలోని సెయింట్ డొమింగ్ కు పోయి కొన్ని ఏండ్లు కోటల నిర్మాణం చూచినాడు. తిరిగివచ్చి లాండావు కోటలో పనిచేస్తూ, రాళ్లను, కొయ్యను లెక్క ప్రకారం కోసి కమానులు కట్టే విద్యను గూర్చి మూడు సంపుటముల గ్రంథం రచించినాడు. 1740లో బ్రిటనీ ప్రాంతపు కోటలకు అధికారిగా బ్రెస్ట్ రేవుకు వచ్చినాడు. చిత్రమేమనగా, బ్రెస్ట్ సమీపంలోని ప్లుగాస్తెల్ ప్రాంతపు చల్లని సముద్రవాయువులు చిలీ మొక్కకు అచ్చివచ్చినవి. అచటి రైతులు శాస్త్రం చదువలేదు. కాని చిలీ మొక్కల నడుమ వేరొక జాతి స్ట్రాబెర్రీని వరుసగా నాటితే కాపు పడుతున్నదని అనుభవం మీద కనిపెట్టినారు.

ఆ అనుభవానికి కారణం చూపినవాడు ఆంత్వాన్ నికొలా దుషేన్ అనే బాలుడు. వెర్సాయి రాజభవనంలో ఉద్యోగి కుమారుడైన అతడు 1764లో, పదునేడేండ్లు నిండకముందే, చిలీ మొక్క పువ్వులకు కస్తూరి స్ట్రాబెర్రీ పుప్పొడిని అందించి పెద్ద పండ్లు కాయించినాడు. ఆ పండ్లను జూలై నెలలో పదిహేనవ లూయీ రాజుకు సమర్పించినాడు. 1766లో ప్రకటించిన గ్రంథంలో స్ట్రాబెర్రీ మొక్కలలోని స్త్రీపురుష భేదమును వివరించినాడు. అనాసపండు వాసన గల ఒక కొత్త స్ట్రాబెర్రీ అప్పటికే తోటలలో కనిపిస్తున్నది. అది చిలీ జాతికిని, ఉత్తర అమెరికా నుండి అంతకుముందే వచ్చిన వర్జీనియా జాతికిని పుట్టిన సంకరమని కూడా అతడే గుర్తించినాడు. ఈ రెండు జాతుల కణములలోను 56 క్రోమోసోములు ఉండడం వలన వాని కలయిక సులభమైనదని తరువాతి శాస్త్రజ్ఞులు తెలిసికొన్నారు. ఉత్తర, దక్షిణ అమెరికా ఖండముల నుండి వచ్చిన జాతులు యూరపు తోటలో కలిసికొన్నవి. చిలీ మొక్క పరిమాణం ఇచ్చింది. వర్జీనియా మొక్క ఎరుపును, పరిమళమును ఇచ్చింది. నేడు లోకమంతటా సాగయ్యే స్ట్రాబెర్రీ వాని సంతానమే.

ఫ్రెజియే 1773లో, తొంబదియేండ్లు దాటిన వయస్సులో, బ్రెస్ట్ లో కన్నుమూసినాడు. తన మొక్కల గొడ్డుతనం తీరిన వార్త వెలువడిననాటికి అతడు ఇంకా జీవించే ఉన్నాడు. అతడు రహస్యంగా కొలిచిన కోటలను జయించడానికి ఫ్రాన్సు ఎన్నడూ పోలేదు. అతని మొక్కలు మాత్రం దేశదేశములను జయించినవి. ప్లుగాస్తెల్ లో స్ట్రాబెర్రీ చరిత్రకు నేడు ఒక ప్రదర్శనశాల కూడా ఉన్నది. మన దేశంలో మహాబలేశ్వరం కొండలు ఈ పంటకు ప్రసిద్ధమైనవి; తెలుగునాట లంబసింగి వంటి చల్లని కొండసీమలో కూడా ఇది పండుతున్నది.

మిద్దె ఇండ్ల బాల్కనీలలో కూడా ఈ మొక్క ఒదిగి పెరగడానికి కారణం దాని స్వభావమే. వేళ్లు లోతుకు పోవు గనుక చిన్న కుండీ చాలును. అడుగున నీరు పోవడానికి రంధ్రం ఉండాలి. మొక్క మొదటి మొగ్గ మట్టిలో పూడకూడదు, పూడితే కుళ్లుతుంది. నేటి తోటజాతులలో చాలవరకు ఒకే పువ్వులో కేసరములును అండాశయములును ఉంటవి. అయినను తేనెటీగలు రాని పై అంతస్తులో మెత్తని కుంచెతో పువ్వును మెల్లగా త్రిప్పి స్పృశించడం మంచిది. పండు మీద గింజలవలె కనిపించేవి ఒక్కొక్కటి ఒక చిన్న కాయ. పుప్పొడి అందని చోట కండ పెరగక పండు వంకరపోతుంది. నాడు రాజోద్యానంలో తోటమాలులను కలవరపెట్టిన వంకరకాయకు కారణం కూడా ఇదే. పాఠశాల వరండాలో ఒక్క కుండీ ఉంచి, కొన్ని పూలకు కుంచె తాకించి, కొన్నింటిని వలగుడ్డతో కప్పి విడిచిపెడితే విద్యార్థులు ఈ భేదమును తమ కన్నులతోనే చూడగలరు.

ఒక పండు వెనుక ఎందరు ఉన్నారో ఫ్రెజియే చరిత్ర తెలుపుతున్నది. విత్తును తీర్చిన మపూచే కృషీవలులు, తెచ్చిన ఇంజనీరు, తన అధీనంలోని నీటిలో వాటా ఇచ్చిన ఓడ ఉద్యోగి, అనుభవంతో కాయించిన రైతులు, కారణం చెప్పిన బాలుడు, వీరిలో ఏ ఒక్కరు లేకున్నా ఆ పండు లేదు. తెచ్చినవానికి పూర్తి జ్ఞానం లేదు. జ్ఞానం గలవాడు సముద్రం దాటలేదు. ఒకరి కొరతను మరొకరు తీర్చినందువల్లనే ఐదు మొక్కలు లోకమంతటి తోట అయినవి.