అనగారిక ధర్మపాల: సందేహించే లోకానికి సాధన చూపిన సంచారి

ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు లోకల్ రైలులో సుమారు 115 కిలోమీటర్లు. అక్కడినుంచి వంతెన దాటి కాలేజ్ స్క్వేర్ చేరితే, పుస్తకాల దుకాణాల నడుమ శ్రీ ధర్మరాజిక చైత్య విహారం కనిపిస్తుంది. అందులో ప్రతిష్ఠితమైన బుద్ధధాతువు మన భట్టిప్రోలుదని మనలో కొందరికే తెలుసు. 1892లో అలెగ్జాండర్ రే జరిపిన తవ్వకాలలో అది బయటపడింది. 1920లో ప్రభుత్వం దానిని మహాబోధి సభకు అప్పగించింది. మన తాతలు రైల్వే కొలువులకై ఈ వంగభూమికి తరలివచ్చినట్లే, కృష్ణాతీరపు ధాతువూ ఇక్కడికి చేరింది. దానికి ఇక్కడ నిలువనీడ కల్పించిన మహనీయుడు అనగారిక ధర్మపాల.

ఆయన 1864 సెప్టెంబరు 17న కొలంబోలో సంపన్న వర్తక కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు డాన్ డేవిడ్ హేవావితరణ. ఇంట్లో బౌద్ధం, బడిలో బైబిలు. సొంత ధర్మం గురించి సిగ్గుపడడమే నాగరికతగా చలామణి అయిన వలస పాలన రోజులవి. అటువంటి కాలంలో, 1880లో, కర్నల్ ఆల్కాట్, మేడమ్ బ్లావట్‌స్కీ సింహళానికి వచ్చి గాలేలో పంచశీల స్వీకరించారు. పాశ్చాత్యులే బుద్ధుని శరణు వేడిన ఆ దృశ్యం ఆ బాలుని మనసులో చెరగని ముద్ర వేసింది.

నాలుగేళ్ల తరువాత ఆయన బ్లావట్‌స్కీ వెంట మద్రాసు అడయారుకు వెళ్లారు. గుప్తవిద్యలు నేర్వాలన్న కుతూహలం ఆయనకు మెండు. అయితే ఆమె ఆయనను ఆ దారి పట్టించలేదు. పాళి భాష నేర్చుకొమ్మని, కావలసినదంతా అందులోనే ఉందని హితవు చెప్పింది. ఆయన జీవితాన్ని మలచిన మలుపు ఇదే. కాలక్రమంలో దివ్యజ్ఞాన సమాజానికి దూరమయ్యారు గాని, ఆ హితవును మాత్రం విడువలేదు.

1891 జనవరి 22న బోధగయ దర్శించారు. మహంతు అధీనంలో ఆదరణ లేక పడివున్న ఆ పవిత్రస్థలాన్ని చూసి, అక్కడే ఉండిపోవాలని సంకల్పించుకున్నారు. అదే ఏడాది మే 31న కొలంబోలో మహాబోధి సభ స్థాపించారు. మరుసటి ఏడు దాని కేంద్రం కలకత్తాకు మారింది, పత్రికా వెలువడింది.

1893 సెప్టెంబరులో చికాగో సర్వమత మహాసభ. వివేకానందుడు పాల్గొన్న ఆ సభలోనే, తెల్లని వస్త్రాలతో, 29వ ఏట అడుగిడుతున్న ధర్మపాల బౌద్ధ ప్రతినిధిగా నిలిచారు. ఆయన ముందు మూడు రకాల శ్రోతలు ఉండేవారు. బౌద్ధం శూన్యవాదమనే మతప్రచారకులు ఒకరు. మతమంటేనే మూఢత్వమని, విజ్ఞానమే శరణ్యమని తలచే విద్యావంతులు మరొకరు. ప్రాచ్యుడు కనుక అద్భుతాలేవో చూపిస్తాడని ఆశించే కుతూహలపరులు మూడవవారు. మహిమల ఊసెత్తితే మూడవవారు మురిసిపోయేవారు, తక్కినవారి అనుమానం బలపడేది. ఆయన కార్యకారణ నియమాన్ని ముందుంచారు. పరిణామవాదానికీ బుద్ధుని బోధకూ గల సామీప్యాన్ని వివరించారు. పరీక్షించి స్వీకరించవలసిన మార్గంగా ధర్మాన్ని పరిచయం చేశారు.

ఆ సభల అనంతరం న్యూయార్క్ వ్యాపారి ఛార్లెస్ స్ట్రాస్ చికాగోలో ఆయన సమక్షాన పంచశీల స్వీకరించారు. అమెరికా గడ్డపై అలా బౌద్ధుడైన తొలి వ్యక్తిగా చరిత్ర ఆయనను పేర్కొంటుంది. తిరుగు ప్రయాణంలో ఓడ హోనలులులో ఆగినప్పుడు మేరీ ఫాస్టర్ అనే సంపన్న వితంతువు ధర్మపాలను కలిసింది. తన కోపమే తనకు శత్రువైందని, దానిని అణచే ఉపాయం చెప్పమని కోరింది. ఆయన మంత్రమూ ఇవ్వలేదు, తాయెత్తూ కట్టలేదు. మనసును గమనించి నిగ్రహించుకొనే పద్ధతి చెప్పారు. ఆమె దానిని ఆచరించి ఫలం పొందింది. తరువాతి దశాబ్దాలలో ఆమె పంపిన లక్షలాది రూపాయలే కలకత్తా, సారనాథ్ విహారాలకు ఊతమయ్యాయి.

ఇతరులకు చెప్పినది తానూ చేసేవారు. తెల్లవారకముందే లేచి ధ్యానంలో, మైత్రీభావనలో కూర్చునేవారు. నాటి సింహళంలో ధ్యానం నేర్పే గురువులే అరుదు. బంబరగల విహారంలో దొరికిన ఒక ధ్యానగ్రంథపు తాళపత్ర ప్రతిని ఆయన రిస్ డేవిడ్స్‌కు అందజేయగా, 1896లో లండన్ పాళి గ్రంథ సంఘం దానిని ముద్రించింది.

అపజయాలూ తక్కువేమీ కావు. బోధగయ వ్యాజ్యంలో కలకత్తా హైకోర్టు తీర్పు ఆయనకు ప్రతికూలమైంది. 1915 సింహళ అల్లర్ల తరువాత ప్రభుత్వం ఆయనను ఏళ్ల తరబడి కలకత్తాలో నిర్బంధించింది. సోదరుడు ఎడ్మండ్ జైలులో మరణించారు. చరిత్ర బోధించేవాడిగా మరొక మాట దాచలేను. స్వదేశంలో అన్యమతస్థులను గురించి ఆయన రాసినవాటిలో మైత్రికి తగని పరుషత్వం ఉంది. ప్రతి ఉదయం మైత్రిని భావించిన మనిషికీ అది సులభంగా పట్టుబడలేదు. ఆయనను గౌరవించడానికి ఈ నిజాన్ని కప్పిపెట్టనక్కరలేదు.

అరవయ్యేళ్లు దాటాక, ఆరోగ్యం సన్నగిల్లినా మళ్లీ లండన్ వెళ్లారు. 1926లో ఈలింగ్‌లో ఇల్లు కొని, దానికి ఫాస్టర్ పేరే పెట్టారు. 1928లో సింహళ భిక్షువులు లండన్ చేరారు. 1931లో సారనాథ్ మూలగంధకుటీ విహారం వెలసింది. దేవమిత్త ధర్మపాలగా 1933 జనవరిలో ఉపసంపద పొందారు. ఆ ఏప్రిల్ 29న సారనాథ్‌లోనే కన్నుమూశారు. ధర్మప్రచారానికై మళ్లీ మళ్లీ జన్మించాలన్నదే ఆయన చివరి కోరిక.

ధర్మబంధువులారా! పాశ్చాత్యులు ఆయననడిగిన ప్రశ్ననే నేడు మన క్వార్టర్లలో ఇరుగుపొరుగువారు, ఒక్కోసారి సొంత బంధువులే మనల్ని అడుగుతారు: మతం మారితే మీకు ఒరిగిందేమిటని. ఆ క్షణాన వాదనకు దిగాలనీ, ఏదో ఒక మహిమ చెప్పుకోవాలనీ మనసు తొందరపడుతుంది. హోనలులు స్త్రీ వాదనతో గెలవలేదు. తన కోపం తగ్గిందో లేదో తానే చూసుకుంది. మనమూ అదే కొలత పెట్టుకుందాం. మన ఇంట్లో కోపం తగ్గితే, మద్యం దూరమైతే, ఆడబిడ్డ మాటకు విలువ పెరిగితే, అడిగినవారికి అదే సమాధానం. తగ్గకపోతే సందేహించవలసింది వారిని కాదు, మన సాధనను. ఈసారి కలకత్తా వెళ్లినప్పుడు కాలేజ్ స్క్వేర్‌లో ఒక్క గడియ ఆగండి. భట్టిప్రోలు ధాతువు సన్నిధిలో మౌనంగా కూర్చుని రండి.