సొరతీగ కాడ లొల్లి

ఒక్క మొక్క పేరు మార్చిండని చర్చిల జనం లొల్లి పెట్టిన ముచ్చట సదివినప్పటి సంది జెరోమ్ నా తలకాయల తిరుగుతుండు. బైబిల్‌ను లాటిన్‌లకు మార్చిన పండితుడని ఒక్క లైన్‌ల తేల్చేస్తరు గానీ, ఆయన పడ్డ గోస శానా ఉన్నది.

347 ప్రాంతంల రోమ్ సామ్రాజ్యంల ఉన్న స్ట్రిడాన్‌ల పుట్టిండు. సదువు రోమ్‌ల. సిసిరో పుస్తకాలంటే పాణం. క్రీస్తును ఇడిసి వాటెంట పడ్డందుకు కలల కొరడా దెబ్బలు తిన్ననని తనే రాసుకున్నడు. తర్వాత సిరియా ఎడారిల, పాడు ఆలోచనలు రాకుంటని, యూదు మతం నుంచి వచ్చిన ఒకాయన కాడ హీబ్రూ మొదలుపెట్టిండు. మధ్యల ఎన్నిసార్లు ఇడిసిపెట్టిండో, మళ్ల పట్టిండో!

అప్పటి లాటిన్ బైబిల్ ఏ ఊరి ప్రతి ఆ ఊరిదే. 382ల రోమ్‌కు వస్తే, సువార్తలు సరిచెయ్యమని పోప్ డమాసస్ పని అప్పజెప్పిండు. 384ల పోప్ చచ్చిపోయిండు. జెరోమ్ నోరు మంచిది కాదు, శత్రువులు మస్తు. తెల్లారి ఏడాది రోమ్ ఇడవాల్సొచ్చింది.

పౌలా అనే పైసలున్న విధవ, ఆమె బిడ్డ యూస్టోకియం గూడ బయలెల్లిండ్రు. 386ల బెత్లెహేం చేరిండ్రు. మఠాలు కట్టింది పౌలా పైసలతోని. ఆమె గూడ హీబ్రూ నేర్చింది. బొమ్మలల్ల జెరోమ్ పక్కన సింహాన్ని గీస్తరు. అదేమో తర్వాత పుట్టిన కథ. నిజంగ పక్కనున్న పౌలాను మాత్రం శానామంది మరిచిండ్రు.

పాత నిబంధనకు అందరు నమ్మింది గ్రీకు అనువాదాన్ని. జెరోమ్ దాన్ని పక్కకు పెట్టి హీబ్రూ మూలానికే పోయిండు. 390 నుంచి 405 దాక, దగ్గర దగ్గర పదిహేనేండ్లు.

గా లొల్లి అప్పటిదే. ఎండల కూసున్న యోనాకు నీడనిచ్చిన మొక్కను పాత లాటిన్‌ల సొరతీగ అన్నరు. జెరోమ్ ఐవీ తీగ అని రాసిండు. ఇప్పటి ట్రిపోలీ ఉన్న కాడ, ఓయా పట్నంల, బిషప్ గది సదివిపిచ్చిండు. జనం గరమైండ్రు. జనం దూరమైతరని బిషప్ పాత మాటే పెట్టుకున్నడు. 403ల అగస్టీన్ ఈ సంగతి జెరోమ్‌కు రాసి, గ్రీకునే పట్టుకొమ్మన్నడు. జనానిది తప్పనలేను. చిన్నప్పటి సంది పాడుకున్న పాటల ఒక్క మాట మారిస్తే మా ఊరి ముసలోళ్లు ఊకుంటరా?

జెరోమ్ తగ్గలె. ఆ హీబ్రూ మొక్క పెద్దాకులది, జల్ది పెరుగుతది, తన కాండం మీద తనే నిలవడతది. దానికి లాటిన్‌ల పేరే లేదని జవాబిచ్చిండు. అది ఆముదం చెట్టని ఇయ్యాల శానామంది పండితులంటరు.

404ల పౌలా పోయింది. 420ల జెరోమ్ బెత్లెహేంలనే కన్నుమూసిండు. జనం తిట్టిన ఆ అనువాదాన్నే 1546ల ట్రెంట్ సభ అధికార ప్రతి అన్నది. మన తెలుగు బైబిల్ల మాత్రం అది ఇప్పటికీ సొరచెట్టే.