కెన్నెత్ ఆండర్సన్: బొల్లారంలో పుట్టిన వేటగాడు.. తప్పు తూటా ఎంత పని చేస్తుందో చూపించిన జీవితం!

సికింద్రాబాద్ బొల్లారం అనగానే ఇవాళ మనకు రాష్ట్రపతి నిలయం గుర్తొస్తుంది. అడవి కథలు ఇష్టపడేవాళ్లకు మాత్రం ఇంకో పేరు కూడా గుర్తు రావాలి. మనుషుల్ని తినే పులులు, చిరుతల కోసం దక్షిణాది అడవులన్నీ తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ పుట్టింది అక్కడే. ఆయన చనిపోయి 50 ఏళ్లు దాటింది. ఆయన పులి కథలు ఇప్పటికీ చదువుతున్నారు, యూట్యూబ్‌లో వింటున్నారు. కానీ ఆయన చేతిలో ఉన్న రైఫిల్ ఏది? అందులో ఏ తూటా వేసేవారు? అదే ఎందుకు? ఈ సంగతులు తక్కువమందికే తెలుసు.

కృష్ణజింకకు సరిపోయే తూటా వేరు. కణుజుకు సరిపోయేది వేరు. మీదికి దూకే పులిని ఆపేది ఇంకా వేరు. ఆ తేడా తెలియనివాడు ట్రిగ్గర్ నొక్కితే నష్టం అడవిలోనే ఆగదు, ఒక్కోసారి ఊళ్లోకి కూడా వస్తుంది. ఆండర్సన్ జీవితంలో మనం చూడాల్సిన అసలు విషయం ఇదే.

ఎవరీ ఆండర్సన్?

1910 మార్చి 8న బొల్లారంలో పుట్టారు. స్కాట్లాండ్ నుంచి వచ్చి ఆరు తరాలుగా ఇండియాలోనే స్థిరపడిపోయిన కుటుంబం వాళ్లది. తండ్రి మిలిటరీ జీతాల లెక్కలు చూసే శాఖలో అధికారి. చదువంతా బెంగళూరులో సాగింది. బిషప్ కాటన్ స్కూల్, తర్వాత సెయింట్ జోసెఫ్స్ కాలేజీ. లా చదవమని ఎడిన్‌బరో పంపిస్తే అది మధ్యలోనే వదిలేసి తిరిగొచ్చేశారు.

15 ఏళ్లు పోస్ట్స్ అండ్ టెలిగ్రాఫ్స్ శాఖలో పని చేశారు. ఆ తర్వాత బెంగళూరు విమానాల ఫ్యాక్టరీలో చేరారు. ఇప్పటి హెచ్ఏఎల్ అన్నమాట. అంటే ఈయన రాజు కాదు, జమీందారు కాదు. ఏనుగుల మీద అంబారీలు, వెనక వందమంది పరివారం.. అలాంటి వేట కాదు ఈయనది. ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికితే స్టూడ్‌బేకర్ కారు వేసుకుని అడవికి పోయే మనిషి. కన్నడ, తమిళం మాట్లాడేవారు. అడవి పక్క పల్లెల్లో వాళ్లతో కూర్చుని సమాచారం రాబట్టేవారు.

1939 నుంచి 1966 మధ్య ప్రభుత్వ రికార్డుల ప్రకారం ఆయన చంపిన మనిషిని తినే చిరుతలు 8, పులులు 7. తొలి పుస్తకం 'నైన్ మ్యాన్ ఈటర్స్ అండ్ వన్ రోగ్' 1954లో వచ్చింది. ఆ తర్వాత వరసగా పుస్తకాలు వచ్చాయి.

మన అడవుల్లోనూ తిరిగారు

ఆయన కథలు ఎక్కువగా కర్ణాటక, తమిళనాడు అడవుల్లో నడుస్తాయి. కానీ తిరుపతి దగ్గరి మామండూరు, చామల లోయ కూడా ఆయన పుస్తకాల్లో కనిపిస్తాయి. నల్లమల కూడా ఉంది.

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు వాళ్లకు చుట్టూ వరి పొలాలు, కాలువలు, దాటితే సముద్రం. రేపల్లె దిగువన కృష్ణా నది సముద్రంలో కలిసే చోట మడ అడవులు ఉన్నా అవి జింకల అడవులు కావు. పెద్ద అడవి చూడాలంటే గుంటూరు వెళ్లి నంద్యాల రైలెక్కాలి. గిద్దలూరు దాటాక రైలు నల్లమలలోకి దూరుతుంది. దిగువమెట్ట, గాజులపల్లె.. ఈ లైన్ మీది చిన్న స్టేషన్లు ఆండర్సన్ రాతల్లోకి ఎక్కాయి. కాబట్టి ఈ కథ మనకు దూరం కథేం కాదు.

తూటా అంటే ఏంటి? బుల్లెట్ అంటే ఏంటి?

మాటల్లో రెండూ ఒకటే అనేస్తాం గానీ రెండూ వేరు. తూటా అంటే మొత్తం సరుకు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు రాజేసే క్యాప్, లోపల మందు, ముందు బిగించిన బుల్లెట్.. ఈ నాలుగూ కలిస్తే తూటా. పేలిన తర్వాత గొట్టం ఇక్కడే ఉంటుంది. బుల్లెట్ ఒక్కటే ఎగిరి వెళ్లి తగులుతుంది.

వేటగాడు చూసుకోవాల్సినవి మూడు. బుల్లెట్ బరువెంత? వేగం ఎంత? తగిలాక అది ఏమవుతుంది? మూడోదే అన్నిటికన్నా ముఖ్యం.

ముక్కు దగ్గర సీసం బయటికి కనిపించే మెత్తని బుల్లెట్ తగలగానే విచ్చుకుంటుంది. పెద్ద గాయం చేసి జంతువును త్వరగా పడేస్తుంది. పూర్తిగా గట్టి లోహపు తొడుగు ఉన్న బుల్లెట్ విచ్చుకోదు. నేరుగా లోపలికి దూసుకుపోతుంది. ఏనుగు లాంటి భారీ జంతువు ఎముకల్ని దాటాలంటే అదే కావాలి. అదే గట్టి బుల్లెట్ చిన్న జింకకు తగిలితే సన్నని రంధ్రం చేసి అటువైపు వెళ్లిపోతుంది. జింక పరిగెత్తి పొదల్లో ఎక్కడో పడిపోయి గంటల తరబడి బాధపడి చస్తుంది.

ఇక్కడ ఓ విచిత్రం ఉంది. విచ్చుకునే బుల్లెట్లు కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధాగారంలో 1890ల్లో తయారై ప్రపంచమంతా పేరు మోశాయి. మనుషుల మీద అవి మరీ క్రూరమని 1899 హేగ్ సదస్సులో యుద్ధంలో వాడకుండా నిషేధించారు. వేటలో మాత్రం సరిగ్గా రివర్స్. దుప్పి మీద విచ్చుకోని బుల్లెట్ వాడటమే క్రూరత్వం.

ఆండర్సన్ చేతిలో ఉన్నది ఇదీ

ఆయన ఎక్కువగా నమ్ముకున్న రైఫిల్ అమెరికాలో తయారైన వించెస్టర్ మోడల్ 1895. తూటా .405 వించెస్టర్. 1904లో మార్కెట్లోకి వచ్చింది. బుల్లెట్ బరువు 300 గ్రెయిన్లు, అంటే దాదాపు 19 గ్రాములు. వేగం సెకనుకు సుమారు 2,200 అడుగులు. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు వెళ్లినప్పుడు పట్టుకెళ్లింది కూడా ఇదే రకం రైఫిల్.

ఈ బుల్లెట్ లావుగా ఉంటుంది, పొడవు తక్కువ. దూరం వెళ్లేకొద్దీ వేగం తగ్గి కిందికి వంగిపోతుంది. మైదానంలో 200 గజాల దూరాన ఉన్న కృష్ణజింకకు గురి పెట్టడానికి ఇది మంచి ఎంపిక కాదు. మరి ఆండర్సన్‌కు ఎందుకు నచ్చింది? ఆయన వేట అంతా దగ్గర నుంచే. రాత్రిపూట మంచె మీద కూర్చుని, రైఫిల్‌కు బిగించిన టార్చి వెలుగులో కాల్చడం. లేదా పొదల్లో పది ఇరవై గజాల్లో ఎదురుపడటం. అంత దగ్గర్లో కావాల్సింది బలమైన దెబ్బ. ట్రిగ్గర్ కింద లివర్ ఉంటుంది. దాన్ని ఒకసారి కిందికి లాగి పైకి నొక్కితే తర్వాతి తూటా రెడీ. భుజం మీద నుంచి రైఫిల్ దించాల్సిన పని లేదు. గాయపడ్డ పులి దూసుకొస్తుంటే ఆ అర సెకను చాలా విలువైంది.

ఉత్తరాదిలో జిమ్ కార్బెట్ దగ్గరున్న రైఫిళ్లలో ఒకటి దీనికి పూర్తిగా వేరు. 1907లో చంపావత్ పులిని చంపినందుకు బహుమతిగా వచ్చిన .275 రిగ్బీ. అందులో వాడే 140 గ్రెయిన్ల బుల్లెట్ సన్నగా, తేలిగ్గా, దాదాపు 9 గ్రాములే ఉంటుంది. తిన్నగా దూరం వెళ్తుంది, భుజానికి దెబ్బ తక్కువ. జింకలకైతే ఈ రకమే బాగా సరిపోతుంది.

బ్రిటిష్ హయాంలో నచ్చిన తూటా కొనుక్కోవడం కూడా కుదిరేది కాదు. సైన్యం వాడే .303 లాంటి కొలతలు మామూలు జనానికి నిషేధం. ఆ తూటాలు తిరుగుబాటుదారుల చేతికి వెళ్తాయన్న భయం. 1907 ప్రాంతంలో .450 కొలతను కూడా ఆపేస్తే, ఇంగ్లాండ్ తుపాకీ కంపెనీలు ఇండియా కోసమే .470, .465 లాంటి కొత్త కొలతలు తయారు చేశాయి.

జింకకు ఒకటి.. కణుజుకు ఒకటి

కృష్ణజింక 30, 40 కిలోల జంతువు. బహిరంగ మైదానంలో ఉంటుంది, దూరం నుంచే మనిషిని పసిగడుతుంది. దానికి తేలికైన, వేగమైన, మెత్తని ముక్కు బుల్లెట్ వాడేవారు. చుక్కల దుప్పి మగది 70 కిలోల పైమాటే. ఉండేది చెట్ల మధ్య. కొంచెం బరువు ఎక్కువ బుల్లెట్ కావాలి. కణుజు మగది 200 కిలోలు కూడా దాటుతుంది. భుజం ఎముక మందంగా ఉంటుంది. తేలికైన బుల్లెట్ ఆ ఎముక మీదే ముక్కలైపోతే గుండె వరకు చేరదు. అందుకే కణుజుకు బరువైన, విచ్చుకున్నా ముక్కలు కాని బుల్లెట్ వాడేవారు.

నాటు తుపాకీ సంగతి ఇంకా ఘోరం. అందులో ఇనుప ముక్కలు, సీసపు గుళ్లు కూరి కొడతారు. గురి ఉండదు, లోతు ఉండదు. జంతువు కాలు విరుగుతుంది, దవడ పగులుతుంది. కానీ చావదు.

గాయంతో తప్పించుకుంటే..

ఆండర్సన్ కథల్లో గుండెలు పిండే భాగం ఇదే. ఆయన వెంట పడ్డ పులులన్నీ పుట్టుకతో మనిషి రక్తం మరిగినవి కావు. జౌళగిరి ఆడపులి మనుషుల మీద పడకముందే ఇంకొకరి తూటాతో గాయపడింది. పరిగెత్తే దుప్పిని పట్టుకోలేని పులికి దొరికే తేలికైన ఆహారం పశువు.. ఆ తర్వాత మనిషి. కట్టెలకు వెళ్లిన ఆడవాళ్లు, మేకలు కాసే పిల్లలు బలయ్యారు. చివరికి మగపులిలా అరిచి, దాన్ని దగ్గరికి రప్పించి ఆండర్సన్ చంపాల్సి వచ్చింది.

అన్నిటికీ తుపాకీదే తప్పు అని కూడా అనలేం. 42 మందిని చంపిన గుమ్మళాపురం చిరుత పాదంలో ఏదుపంది ముళ్లు విరిగి ఉన్నాయి. కానీ ముల్లు గుచ్చుకోవడం ప్రకృతి. తప్పు తూటా మనిషి చేతిలో పని.

అందుకే పాత వేటగాళ్లలో ఓ కట్టుబాటు ఉండేది. గాయపరిచిన జంతువును వదిలి రాకూడదు. చీకటైనా, ప్రాణం మీదికొచ్చినా నెత్తుటి జాడ పట్టుకుని వెళ్లాలి. ఆండర్సన్ కథల్లో ఆయన నిద్ర లేని రాత్రులు చాలావరకు ఇలాంటి జాడల వెంటే గడుస్తాయి. కార్లలో వచ్చి, కళ్లు చెదిరే లైటు వేసి, కదలకుండా నిలబడిపోయిన దుప్పుల్ని కొట్టి, గాయపడ్డవాటిని అక్కడే వదిలేసి పోయేవాళ్లను చూస్తే ఆయనకు మంట.

చివరికి తుపాకీ పక్కన పెట్టి..

వయసు పెరిగేకొద్దీ ఆయనకు అడవి మీద ప్రేమే మిగిలింది. తుపాకీ లేకుండా ఒంటరిగా అడవిలో కూర్చునేవారు. దక్షిణాదిలో వన్యప్రాణుల రక్షణ గురించి ముందుగా మాట్లాడినవాళ్లలో ఆయన ఒకరు. 1972లో క్యాన్సర్ బయటపడింది. అదే ఏడాది దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1974 ఆగస్టు 30న ఆయన కన్నుమూశారు. బెంగళూరు హోసూరు రోడ్డు శ్మశానంలో సమాధి ఉంది.

ఆ చట్టంతో ఏ తూటా మంచిది అన్న ప్రశ్నకే కాలం చెల్లింది. ఇప్పుడు జింకను ఏ తూటాతో కొట్టినా నేరమే. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చట్టంలో షెడ్యూల్ 1లో ఉంది. దాన్ని చంపితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు. తెలంగాణ రాష్ట్ర జంతువు కూడా జింకే. మాంసం కొన్నా, వండినా, ఇంట్లో పెట్టుకున్నా కేసు తప్పదు.

ఆండర్సన్ తిరిగిన నల్లమలలో ఇప్పుడు నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ ఉంది. అక్కడ పులి బతకాలంటే దానికి దుప్పి, కణుజు ఉండాలి. అవి లేకపోతే పులి పశువుల కోసం ఊరి వైపే చూస్తుంది. అప్పుడు తుపాకీ పట్టుకుని మంచె ఎక్కడానికి ఆండర్సన్ లేరు. ఆ అవసరం రాకుండా చూసుకోవాల్సింది ఇక మనమే.